తిప్పుడు బల్ల: షెడ్డు మూలలో ఒక్క బల్ల, రెండు మిషన్లు



వీడియోలో బల్ల తిరగడం చూశారు కదా. పైన కటింగ్ మిషన్, తిప్పితే సాన గ్రైండర్. కొలతలు, బరువుల లెక్క వీడియోలో తొందరగా పోయాయి, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. మీ ఊరి వెల్డింగ్ షాపులో ఇది చూపిస్తే చేసి ఇస్తారు.

ముందు, ఇది రైతుకు ఎందుకు? గడ్డి మందు కొట్టే రైతుకు వీడర్ విరిగితే పెద్ద నష్టం లేదు. మనకు అట్లా కాదు. వరిలో నాటు వేసిన 10–12 రోజులకు కోనో వీడర్ తిప్పడం మొదలుపెట్టాలి, తర్వాత పది రోజులకోసారి. మొదటి రెండు సార్లు తప్పిందంటే ఆ పంటకాలమంతా కూలీలతో తీయించుడే. మా కోటగిరి దిక్కు నిజాంసాగర్ కాలువ కింది పొలాలు. నీళ్లు వదిలినంక ఊర్లకు ఊర్లు ఒక్కసారే నాట్లకు దిగుతాయి, పనిముట్లు కూడా ఆ వారంలోనే విరుగుతాయి. మనం వీడర్ పట్టుకొని షాపుకు పోతే ఆయన ముందు ట్రాక్టర్ కేజ్ వీల్ పని చూస్తాడు. అది న్యాయమే. కానీ మనం రెండు రోజులు ఆగినా కలుపు ఆగదు.

నిజానికి వీడర్ పిడి విరిగితే చేయాల్సింది చిన్న పని. విరిగిన చోట పైపు సాఫుగా కోసి, లోపలికి ఇంకో చిన్న పైపు దూర్చి, రంధ్రం వేసి రెండు బోల్టులు బిగించడమే. కటింగ్ మిషన్, చేతి డ్రిల్లు ఇంట్లో ఉంటే అరగంట పట్టదు. మరి మిషన్లు పెట్టేది ఎక్కడ? మన షెడ్లల్ల విత్తనం బస్తాలు, జీవామృతం డ్రమ్ములు, ఘనజీవామృతం సంచులే జాగా అంతా తింటాయి. రెండు బల్లలు వేస్తే ఆరేడు అడుగుల గోడ పోతుంది. ఈ బల్లకు రెండున్నర అడుగులు చాలు. చిన్న గ్యారేజీల్లో వడ్రంగం చేసుకునే విదేశీయులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతే ఇది.

బల్ల పైభాగం 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. ఒక అంగుళం స్క్వేర్ పైపుతో ఫ్రేము చేసి, దానికి పైనా కిందా 18 ఎంఎం ప్లైవుడ్ వేయాలి. ఫ్రేము నడిమిట్ల నుంచి, పొడవునా, 20 ఎంఎం ఇనుప కడ్డీ వెల్డు చేయాలి. కడ్డీ మందానికి సరిగ్గా మధ్యలో ఉండాలి, ఇది మరువద్దు. రెండు పక్కల 40 ఎంఎం స్క్వేర్ పైపు స్టాండ్లు, 20 అంగుళాల వెడల్పుతో. కడ్డీ నేల నుంచి 30 అంగుళాల ఎత్తులో వస్తుంది. స్టాండుకు 20 అడుగుల పైపు ఒకటి, ఇంకో రెండు మూడు అడుగుల ముక్క పడుతుంది. కడ్డీ తిరగడానికి ముప్పావు అంగుళం జీఐ పైపు ముక్కలు స్టాండు పై పైపులో దూర్చి వెల్డు చేస్తే సరిపోతుంది, కొంచెం గ్రీజు పెట్టాలి. పి204 బేరింగులు వేస్తామంటారు, వద్దనను, కానీ రోజుకు నాలుగుసార్లు తిరిగేదానికి అది దండగ ఖర్చు. జీఐ ముక్కల మీది జింకు పూతను మాత్రం వెల్డింగుకు ముందే గీకేయాలి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, తిరిగే జాగా. మిషన్ బిగించినంక కడ్డీ నుంచి మిషన్ అంచులో అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలకు టేపు పెట్టి కొలవండి. కడ్డీ నుంచి 16 అంగుళాల ఎత్తు, పక్కకు 9 అంగుళాలు ఉంటే ఆ మూల 18న్నర అంగుళాల దూరంలో ఉన్నట్టు. దానికి రెండు అంగుళాలు కలిపి, ఆ చుట్టులో అడ్డపైపు ఏదీ రాకుండా చూడాలి. అంటే స్టాండ్లను కలిపే అడ్డపైపులు నేల నుంచి 9 అంగుళాల లోపే ఉండాలి. పైన కలిపేది ఉండదు కాబట్టి స్టాండు ఊగకుండా కింది మూలలకు ముక్కోణం రేకులు వెల్డు చేయించండి. గోడ కూడా ఆ చుట్టులో రావద్దు. అందుకే వెనక కాళ్లకు మాత్రం రెండు చక్రాలు పెట్టి, ముందు కాళ్లు నేల మీదే ఉంచాలి. తోపుడు బండి లెక్క కొంచెం ఎత్తి ముందుకు లాగి తిప్పుకోవచ్చు. నాలుగింటికీ చక్రాలు పెడితే కోసేటప్పుడు బల్ల కదులుతుంది.

బరువుల సంగతి కావడి లెక్కనే. 14 అంగుళాల కటింగ్ మిషన్ సుమారు 17 కిలోలు, 6 అంగుళాల గ్రైండర్ సుమారు 9 కిలోలు అనుకుందాం. కటింగ్ మిషన్ బరువు కడ్డీకి 7 అంగుళాల దూరంలో పడితే 17 ఇంటు 7, అంటే 119. గ్రైండర్‌ది 6 అంగుళాల దూరమైతే 54. ఇట్లనే బిగిస్తే కటింగ్ మిషన్ పైన ఉన్నప్పుడల్లా బల్ల తిరగబడాలని చూస్తుంది. గ్రైండర్ కింద 4 అంగుళాల తుమ్మ దిమ్మ పెడితే అది 90 అవుతుంది, దిమ్మ బరువు కూడా కలిసి వంద దాటుతుంది. ఆ కాస్త తేడా చేతికి తెలుస్తుంది, కానీ ఇబ్బంది పెట్టదు. దిమ్మతో ఇంకో లాభం, నిలబడి సాన పట్టడానికి ఎత్తు సరిపోతుంది. ముందుకు వెనక్కు కూడా సమానంగా ఉండాలి. మిషన్‌ను ఒక గుండ్రటి కడ్డీ మీద పెట్టి, ఎక్కడ నిలబడుతుందో అక్కడ గీత గీసుకొని, ఆ గీత బల్ల కడ్డీ మీదికి వచ్చేటట్టు బిగించండి.

బల్ల లాక్ చేయడానికి ఒక్కో పక్క రెండు, మొత్తం నాలుగు 12 ఎంఎం బోల్టులు. స్టాండు పై పైపు నుంచి బల్ల ఫ్రేములో వెల్డు చేసిన నట్టులోకి పోవాలి. కడ్డీకి ఇటు 7 అంగుళాలు, అటు 7 అంగుళాలు. ఒక్క నూలు తేడా ఉన్నా తిప్పినంక రంధ్రాలు కలవవు. అందుకే బల్లను స్టాండులో పెట్టినంకనే రెండింటికీ కలిపి రంధ్రం వేయించండి. గొళ్లెం, చిలుకు పెట్టి సరిపెట్టే పని వద్దు. బోల్టు బిగిస్తేనే వణుకు పోతుంది.

కింద తలకిందులుగా వేలాడే మిషన్‌కు స్క్రూలు పనికిరావు. ప్లై, ఫ్రేము దాటి పోయే బోల్టు, పెద్ద వాషర్, నైలాక్ నట్టు. వణుకుకు మామూలు నట్టు వదులవుతుంది, అది కింద ఉన్నప్పుడు మనకు కనిపించదు. కటింగ్ మిషన్ తలకాయను కిందికి నొక్కి గొలుసు వేసినంకనే తిప్పాలి. గ్రైండర్ నీళ్ల గిన్నె తీసేయాలి. అన్నిటికన్నా ముందు ప్లగ్గు తీయాలి. దీనికి నేను చెప్పే ఉపాయం, బల్లకు ఒక్కటే సాకెట్టు, 16 ఆంపియర్లది. ఒక మిషన్ ప్లగ్గు తీస్తేనే ఇంకోటి పెట్టగలం. పిల్లలు తిరిగే ఇల్లయితే ఇది తప్పనిసరి.

నిప్పురవ్వలు కటింగ్ మిషన్ వెనక్కు ఎగురుతాయి. వెనక ఇనుప రేకు నిలబెట్టండి. గోనెసంచులు, గడ్డి, పిడకలు ఆ దిక్కు ఉండొద్దు. గోమూత్రం డ్రమ్ములు కూడా దూరమే, వాటి పక్కన ఇనుము ఏదైనా తొందరగా తుప్పు పడుతుంది.

కొడవలి, గొడ్డలి సాన పట్టేటప్పుడు నొక్కి పట్టకండి, రెండు మూడు సార్లు తాకించి నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే పదును నిలవదు. పళ్ల కొడవలి మాత్రం దీని మీద పెట్టొద్దు, దానికి ఆకురాయే.

వైస్ కూడా ఈ బల్లకే బిగించవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు. సుత్తి దెబ్బలకు కడ్డీ వెల్డింగు పగులుతుంది. తుమ్మ మొద్దు ఒకటి రెండడుగులు భూమిలో పాతి దాని మీద బిగించుకోండి.