సెలైను సూదిపై కట్టు

అమీరుపేటనుండి పంజగుట్టకు నడచిపోవువారికి నర్సింగు హోములు త్రోవపొడవునను కానవచ్చును. 1989 నాటి శాసనముచే ఏర్పడిన నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయు పంజగుట్టయందే యున్నది. పాశ్చాత్య దేశములలో నర్సింగు హోమనగా వృద్ధులుండు వసతిగృహము. మన ఊర చిన్న ఆసుపత్రికే ఆ పేరు. ఇక్కడ రోగి ప్రక్కన రాత్రింబవళ్లు కూర్చుండువారు ఇంటివారే గనుక, ఈ సంగతి వారును ఎఱిగియుండవలెను.

1832 లో స్కాట్లండునందు థామసు లాటా అను వైద్యుడు కలరా రోగుల సిరలలోనికి ఉప్పునీరెక్కించి కొందఱిని బ్రతికించెను. నేడది నిత్యకృత్యమైనది, అందుచేతనే అజాగ్రత్తయు పెరిగినది. చర్మము శరీరమునకు కోటగోడ వంటిది. సూదిగొట్టము దిగినచోట ఆ గోడకు కన్నము పడును. చర్మముపై ఊరకయుండు సూక్ష్మజీవులు గొట్టము వెంట ప్రాకి నెత్తురులో చేరినచో ప్రాణాపాయము గలుగవచ్చును. ఆ కన్నమునకు కావలి పైనున్న కట్టే.

కడచిన వర్షాకాలమున మా యింటి ముసలమ్మ యొక నర్సింగు హోములో నుండెను. చేయి కడుగునపుడు కట్టు తడిసి అంచు లేచెను. మేము టిఫిను డబ్బా మూసిన చేతితోనే దానిని నొక్కి యంటించితిమి. మఱునాటికి ఆ చోటెఱ్ఱబడి వాచెను, చలిజ్వరము వచ్చెను. నర్సు గొట్టము తీసివేసి, "అంచు లేచినప్పుడే నన్నేల పిలువలేదమ్మా?" అని యడిగెను. ఆమె నిద్ర చెఱుపనేల యని యూరకుంటిమని చెప్పుటకు సిగ్గుపడితిమి.

కట్టు మార్చువారు ముందు చేతులు శుభ్రపఱచుకొని, గొట్టము కదలకుండ పాతదానిని మెల్లగా ఊడదీయుదురు. క్లోరుహెక్సిడిను కలిపిన స్పిరిటుతో చర్మమును తుడిచి, అది తనంతట ఆరువఱకు ఆగుదురు. విసరుటయు, ఊదుటయు కూడదు. ఆరిన పిదప ఆ చోటు మరల ముట్టరాదు. మెడ, ఱొమ్ములయందలి పెద్ద గొట్టములకు గాజుగుడ్డ కట్టు రెండు దినములకొకసారి, లోపలికి కనబడు పారదర్శకపు కట్టు ఏడు దినములకు మించకుండ మార్చవలెను. చేతిమీది చిన్న గొట్టమును ప్రతిదినమును చూచి, అక్కఱ తీరగనే తీసివేయవలెను. ఏ కట్టయినను తడిసినను, వదులైనను, మాసినను గడువు చూడక వెంటనే మార్చవలసినదే.

మార్చిన తేదీని కట్టు అంచున వ్రాయుట మంచి పద్ధతి. తాతగారి మంచము ప్రక్కన కూర్చున్న బాలుడు సైతము దానిని చదువగలడు. లేకున్న నర్సమ్మ నడుగగలడు.