ఐదువందల డాలర్ల జ్వరం

తిరుమల నుంచి ఘాట్ రోడ్డు మీదుగా కారులో దిగి వచ్చినవాళ్లకు ఆ వాసన తెలుసు. అలిపిరి చేరేసరికి ముందు చక్రాల దగ్గర ఏదో మాడిన కంపు కొడుతుంది. తక్కువ గేరులో దిగరా బాబూ అని వెనక సీట్లోంచి పెద్దవాళ్లు మొత్తుకుంటున్నా, బ్రేకు మీంచి కాలు తీయకుండా దిగినవాడి కారు అది. ఇప్పుడు అలాంటి కారునే, ఇరవై ఏళ్లు వాడి వదిలేసిన దాన్ని, కొండ దిగినంతసేపు కాకుండా రెండు పగళ్లు అదే పనిగా తొక్కాలనుకోండి. అమెరికాలో కొన్ని వందల జట్లు సొంత డబ్బు పెట్టి, సెలవులు మానుకుని ఈ పని చేస్తుంటాయి.

ఆ పందెం పేరు ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’. ఫ్రాన్స్‌లో లె మాన్ దగ్గర 1923 నుంచి జరుగుతున్న 24 గంటల రేసు మీద అదొక వెక్కిరింపు. అమెరికా వాడుకలో ‘లెమన్’ అంటే నిమ్మకాయ ఒక్కటే కాదు, కొని మోసపోయిన డొక్కు బండి కూడా. జే లామ్ అనే ఆయన 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ ట్రాక్ మీద దీన్ని మొదలుపెట్టాడు. ముఖ్యమైన నియమం ఒక్కటే: కారు కొన్న ధర, దాన్ని నడిచేలా చేయడానికి పెట్టిన ఖర్చు కలిపి 500 డాలర్లు దాటకూడదు. మన లెక్కలో నలభై వేల రూపాయల పైమాట. నలుగురైదుగురు స్నేహితులు ఒక జట్టు కట్టి వంతులవారీగా నడుపుతారు. పేరులో 24 గంటలున్నా, చాలా రేసులు శని, ఆదివారాల్లో పగటిపూటే, మొత్తం మీద ఓ 14 గంటలు జరుగుతాయి.

రేసుకు ముందు న్యాయనిర్ణేతలు కారు చుట్టూ తిరిగి చూస్తారు. ‘ఇది ఐదువందలకే వచ్చిందా, ఎవరి చెవిలో పూలు పెడతారు’ అన్న ధోరణిలో సాగే తనిఖీ అది. అనుమానమొస్తే రేసు మొదలవకముందే లెక్కలోంచి కొన్ని ల్యాపులు, అంటే ట్రాక్ చుట్లు, కోసేస్తారు. వాళ్లకు తినడానికో తాగడానికో ఏదైనా లంచం ఇవ్వొచ్చు, బహిరంగంగానే. పుచ్చుకున్నాక కారు మీద ‘లంచం అందింది’ అని రంగుతో ముద్ర కూడా కొడతారు. ఇంత పారదర్శకత మన ఆఫీసుల్లో ఎక్కడా చూడలేదు.

ఎక్కువ ల్యాపులు చుట్టినదే గెలుస్తుంది కనక, గెలిచేది వేగమైన కారే కదా అనిపిస్తుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక కారు ల్యాపును 100 సెకన్లలో చుడుతుంది, ఇంకొకటి 110 సెకన్లలో. 14 గంటలంటే 50,400 సెకన్లు. మొదటిది ఎక్కడా ఆగకపోతే 504 ల్యాపులు, రెండోది 458. కానీ మొదటి కారు ఒక్క మరమ్మతు కోసం రెండు గంటలు షెడ్డులో నిలబడిందంటే దాని లెక్క 432 దగ్గర ఆగిపోతుంది. పది సెకన్లు వెనకబడ్డ బండి 26 ల్యాపుల తేడాతో గెలుస్తుంది. అందుకే బాగా నడిచే జట్లు హార్స్ పవర్ కోసం డబ్బు తగలేయవు. వాళ్ల చూపంతా ఒక్క శత్రువు మీదే ఉంటుంది. అది వేడి.

బ్రేకులతోనే మొదలుపెడదాం. 1,100 కిలోల కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు ముందు 60కి తగ్గిందనుకోండి. ఆ కొద్ది సెకన్లలో వదిలించుకోవలసిన గతిశక్తి సుమారు 9.3 లక్షల జౌళ్లు. మామూలు నీళ్లు దాదాపు మూడు లీటర్లు మరిగించడానికి సరిపోయేంత. ఆ శక్తంతా ముందుగా చేరేది నాలుగు ఇనుప పళ్లేల్లోకి, అంటే బ్రేకు డిస్కుల్లోకి. బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు కిందికి వంగి బరువు ముందుకు పడుతుంది కనక, అందులో మూడింట రెండు వంతులు ముందు డిస్కులే మింగాలి. ఒక్కో డిస్కు ఐదారు కిలోలుంటే ఒక్క మలుపుకే దాని ఉష్ణోగ్రత వంద డిగ్రీల పైన పెరుగుతుంది. గాలి తగిలి చల్లారేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

డిస్కు ఎర్రబడినా అది ఇనుమే కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. అసలు చిక్కు దాని పక్కనే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్‌తో. పేరుకు ఆయిల్ అంటాం కానీ, అది గ్లైకాల్ జాతి ద్రవం. వర్షాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక 140కి దిగినా ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా బుడగలు నలుగుతాయి తప్ప ప్యాడ్లు డిస్కును పట్టవు. కాలు నేలదాకా దిగిపోతుంది, బండి మాత్రం సాగిపోతూనే ఉంటుంది. పాత కారు కొన్నవాళ్లు చేయవలసిన మొదటి పని ఆ పాత ద్రవాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పోసి, గాలి లేకుండా బ్లీడ్ చేయడం. రెండోది, ముందు బంపర్ నుంచి డిస్కు దాకా ఓ గాలి గొట్టం వేయడం. బ్రేకులు, టైర్లు, చక్రాలు భద్రత కింద లెక్క కనక 500 డాలర్ల పరిమితి వాటికి వర్తించదు. ఈ పందెంలోని అల్లరి మధ్య నాకు బాగా నచ్చిన నియమం ఇది. పిసినారితనం ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలుసు.

ఇంజను సంగతి ఇంకొంచెం మాయగా ఉంటుంది. బస్సులో మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చోండి. బస్సు ఎడమకు తిరిగితే మజ్జిగ కుడి అంచుకు ఎక్కుతుంది. పక్కకు తోసే బలం గురుత్వ బలంతో సమానమైతే ద్రవం పైతలం సరిగ్గా 45 డిగ్రీలు వాలుతుంది. మంచి టైర్లున్న కారు రేసు మలుపులో ఆ దరిదాపులకు చేరగలదు. ఇంజను అడుగున ఛాంబర్‌లో ఉన్న నాలుగు లీటర్ల ఆయిల్‌కూ ఇదే గతి. ఆయిలంతా ఓ గోడకు ఎగబాకితే మధ్యలో ఉన్న పంపు జల్లెడ పైకి తేలి గాలి పీలుస్తుంది. అప్పుడు క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి 6,000 చుట్లు, అంటే సెకనుకు 100, తిరుగుతోంది. పెద్ద మలుపు ఐదు సెకన్లు పడితే ఆ ఐదువందల చుట్లకూ బేరింగుకు, షాఫ్టుకు మధ్య కొత్త ఆయిల్ రాదు. వాటిని విడదీసి ఉంచే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే, మన వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. ఆ పొర తెగితే లోహం లోహాన్ని రాస్తుంది, మళ్లీ వేడి. కాసేపటికి కిందనుంచి టకటకమని చప్పుడు. మెకానిక్ దాకా వెళ్లనక్కర్లేదు, ఆ చప్పుడు విన్నవాడెవడైనా ఇంజను తాళం తిప్పేస్తాడు.

దీనికి మందు చవకే. ఛాంబర్ విప్పి లోపల జల్లెడ చుట్టూ రేకు గోడలు వెల్డింగ్ చేయాలి. ఆ గోడలకు లోపలికే తెరుచుకునే చిన్న తలుపులుంటే ఆయిల్ లోపలికి వస్తుంది కానీ మలుపులో బయటికి పారిపోదు. తుక్కు రేకు, రెండు కీళ్లు, ఒక ఆదివారం. కొందరు అర లీటరు ఎక్కువ పోసి సరిపెడతారు. మరీ ఎక్కువైతే క్రాంకు దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది, నురగ కూడా సగం గాలే.

ఇక ఇంజనును చల్లబరిచే నీళ్లు. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడోవంతే పనికొస్తుంది. మిగతాది సైలెన్సర్ గొట్టంలోంచి, రేడియేటర్‌లోంచి పోవాలి. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు 120 డిగ్రీల దగ్గరలో కూడా మరగవు. ఎక్కడో ఓ పాత రబ్బరు గొట్టం చిట్లితే ఒత్తిడీ నీళ్లూ కలిసే పోతాయి. ఇక్కడే డ్యాష్‌బోర్డు ముల్లు దగా చేస్తుంది. కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు పోయి అది గాలిలో వేలాడితే ముల్లు పెరగకపోగా కిందికి దిగవచ్చు. డ్రైవరు చల్లగానే ఉందనుకుని తొక్కుతూ ఉంటాడు. లోపల అల్యూమినియం హెడ్డు, పోత ఇనుము బ్లాకుకు రెట్టింపు వ్యాకోచించి వంకర పోతుంది, మధ్యలో గ్యాస్కెట్ ఊడుతుంది. అనుభవమున్న జట్లు ముల్లును నమ్మవు. నీళ్ల ఒత్తిడి పడిపోగానే స్టీరింగ్ వెనక వెలిగే పెద్ద ఎర్ర బల్బు పెడతాయి.

ఈ పందెంలో గుర్తుండిపోయే బళ్లు కొన్ని ఉన్నాయి. వాషింగ్టన్‌లో పోలీసు ఉద్యోగం చేసిన జెఫ్ బ్లాక్ జట్టు పాత సెస్నా విమానం బాడీని టొయోటా వ్యాన్ మీద ఎక్కించి 2013లో రేసుకు తెచ్చింది. అదే జట్టు ఓ కెమారో కారును తలకిందులుగా నడిచేలా కూడా కట్టింది. లె మాన్‌లో ఒకప్పుడు ఇంధనాన్ని బాగా వాడుకున్న కారుకు ఉష్ణ సామర్థ్యం పేరిట ఒక బహుమతి ఉండేది. ఇక్కడ దానికి ఎగతాళిగా ‘ఇండెక్స్ ఆఫ్ ఎఫ్లుయెన్సీ’ పెట్టారు, మురుగు సూచిక అనుకోండి. ఎవరూ ఆశ పెట్టుకోని దరిద్రపు బండి అనుకున్నదానికంటే ఎక్కువ దూరం నడిస్తే దానికిస్తారు. మొదటి స్థానం కన్నా దీనికే పరువెక్కువ.

ఆదివారం సాయంత్రం బండి ట్రైలర్ ఎక్కాక ఇంకో పని మిగులుతుంది. ఆయిల్ ఫిల్టర్ విప్పి, డబ్బాను కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి లాగి వెలుతురులో పరుస్తారు. స్నేహితులంతా దాని మీదికి వంగుతారు. నల్లటి జిడ్డులో ఏమీ మెరవకపోతే ఫర్వాలేదు. బూడిదరంగు రజను కనిపిస్తే బేరింగు పైపొర అరుగుతోందని లెక్క. రాగి రంగు కనిపిస్తే ఆ పొర పూర్తిగా పోయి కింది పొర బయటపడింది, ఛాంబర్ మళ్లీ విప్పాల్సిందే.