సినిమాలో మనుషులు కిందికి దిగేరు, మా దగ్గర మంట పైకొచ్చింది

‘ఆదిత్య 369’ భయపెట్టే సినిమా ఏటండీ, అని నవ్వకండి. అందరికీ అందులో కృష్ణదేవరాయలే గుర్తు. 1991లో రాజోలు హాల్లో నేల టిక్కెట్టు మీద చూసినప్పుడు నాకు 12 ఏళ్ళు. రాయలోరి దర్బారుకి ఈలలేసినోణ్ణి, టైమ్ మిషను 2504కి వెళ్ళేసరికి చిన్నాన్న చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. మూడో ప్రపంచ యుద్ధం అయిపోయింది. భూమ్మీదంతా రేడియేషను. మిగిలిన జనం నేల కింద బతుకుతున్నారు. దెయ్యం లేదు, రక్తం లేదు. పైకొస్తే చస్తారు, అంతే. ఆ రాత్రి అరుగు మీద పడుకోనని గొడవ చేసేను.

సింగీతం శ్రీనివాసరావు గారికి ఆ ఆలోచన హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషీన్’ నవల నుంచి వచ్చింది. అందులోనూ నేల కింద జనం ఉంటారు, పైవాళ్ళని పట్టుకుని తింటారు. మన సినిమాలో తినేవాళ్ళు లేరు. రేడియేషను కంటికి కనపడదు, వాసన రాదు. నా భయమంతా అక్కడే. దెయ్యం సినిమాలో ముందుగా కనీసం కుక్కయినా మొరుగుద్ది.

నాలుగేళ్ళు తిరక్కుండానే, 1995 జనవరి 8న, పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించేరు. రాత్రుళ్ళు కొబ్బరాకుల సందుల్లోంచి ఎర్రటి వెలుగు చూస్తా నేననుకున్నదొకటే: సినిమాలో మనుషులు కిందికి దిగేరు, ఇక్కడ కిందున్నదే పైకొచ్చేసింది.

ఎలా వస్తదో అప్పుడు చెప్పినోళ్ళు లేరు, తరవాత చదువుకున్నాను. బావి తవ్వేటప్పుడు గొట్టంలో బరువైన బురద నింపుతా ఉంటారు. కింది గ్యాసు పైకి తంతుంటే ఆ బురద బరువే దాన్ని అణిచిపెట్టాలి. గ్యాసు తోపు ఎక్కువైతే బావి మూతి దగ్గర వాల్వులు మూసుకోవాలి. అవీ ఆపలేకపోతే బ్లోఅవుట్. గోళీ తప్పిన సోడా బుస్సుమన్నట్టే. కాకపోతే ఇక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు.

2014 జూన్ 27 తెల్లారుజామున అదే మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పగిలింది. జనం నిద్దట్లో ఉండగానే గ్యాసు ఊరిమీద కమ్మేసింది, అంటుకుంది. 20 మందికి పైగా పోయేరు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపేరని, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. తుప్పు! 2504 దాకా పోనక్కర్లేదు మరి.

ఇంకో సంగతండి. ఇంట్లో సిలిండరు వాసన గ్యాసుది కాదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు మందు కలుపుతారు. అసలు సహజవాయువుకి వాసనుండదు. కాబట్టి తోటలో బుస్సుమన్న చప్పుడు విన్నా, తెల్లగా మంచులా కమ్మినా పొయ్యి ముట్టించొద్దు, స్విచ్చి వెయ్యొద్దు, వేసున్నది తియ్యొద్దు, బండి స్టార్టు చెయ్యొద్దు. గాలి గ్యాసుని ఎటు తోస్తందో చూసుకుని, దానికి అడ్డంగా తప్పుకుని నడవాలి. ఇది ప్రతి బళ్ళో, ప్రతి గ్రామసభలో ఏటా చెప్పమని అడుగుతున్నాం. గొట్టం ఎవరి తోట కింద నుంచి పోతందో పటం గీసి పంచాయితీ గోడకి అంటించమంటున్నాం. జనం కంగారు పడతారంటారు. తెలిస్తే కంగారా, తెలీకపోతే కంగారా?

2025 ఏప్రిల్‌లో ఆ సినిమా మళ్ళీ విడుదలైతే మా అమ్మాయిని తీసుకెళ్ళేను. 2504 చూసి దానికి భయమే వెయ్యలేదు. తిరిగొస్తా దారిలో తోట గట్టున గ్యాసు గొట్టం గుర్తు రాయి చూపించేను.

“పగిలితే ఎవరికి ఫోన్ చెయ్యాలి నాన్నా?” అంది.

బండి ఆపి, దిగి చూసేం. నంబరు చెరిగిపోయింది.