చల్లబడిన కాలు

2021 మే నెల, లాక్‌డౌన్ రోజులు. పొద్దున్న ఆరు నుంచి పదింటి దాకా తప్ప మా తూంకుంటలో మనిషి అలికిడి లేదు. ఎప్పుడూ హోరెత్తే రాజీవ్ రహదారి కూడా రాత్రి పదిగంటలకే నిద్రపోయింది. అప్పుడు అక్కయ్య ఫోను చేసింది.

"తమ్ముడా, మీ బావ కాలు మంచులెక్క సల్లవడ్డదిరా. జర వచ్చి చూడు."

బావకు కరోనా వచ్చి పదకొండు రోజులు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం రుచి తెలుస్తున్నది. గండం గడిచిందనే అనుకున్నాం. వెళ్ళి చూద్దును గదా, ఎడమ పాదం సున్నం కొట్టినట్లు పాలిపోయి వున్నది. పిక్కలో భరించరాని పోటు. "నరం పట్టేసింది" అన్నాను, నాకేదో తెలిసినట్లు. నువ్వులనూనె కాచి మర్దనా చేశాను. వేడినీళ్ళ సీసా ఆనించాను. తెల్లవారుజాముకు నొప్పి తగ్గింది. సంతోషించాం కూడా. తగ్గింది నొప్పి కాదు, స్పర్శ పోయింది! వేళ్ళు కదలడం మానేశాక గాని నేను కారు తీయలేదు.

హకీంపేట, అల్వాల్ దాటి సికింద్రాబాదులో ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిది గంటలు గడిచాయి. డాక్టరు పాదం మీదా, చీలమండ వెనకా నాడి కోసం వెదికాడు. దొరకలేదు. "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నెత్తురు అందని కండరమూ నరమూ సుమారు ఆరు గంటలకే చెడిపోవడం మొదలుపెడతాయని తరువాత తెలిసింది.

ఊపిరితిత్తుల జబ్బు కాలికెందుకు దిగింది? పాఠకులకూ ఈ సందేహం వచ్చే వుంటుంది. నాళంలో నెత్తురు గడ్డకట్టడానికి జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో మూడు కారణాలు చెప్తారు: నాళం లోపలి పొర దెబ్బతినడం, ప్రవాహం మందగించడం, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరగడం. కరోనా ఈ మూడింటినీ ఒక్కసారే తెచ్చిపెట్టగలదు. వైరస్ రేపిన మంట నాళాల పొరను గరుకు చేస్తుంది, గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. రోగి ఎలాగూ మంచం దిగడు. ఎక్కువగా గడ్డలు కట్టేది సిరల్లో. నెత్తురును కాలికి మోసుకుపోయే ధమనిలో కట్టడం అరుదే గాని, కడితే గంటలే లెక్క. 2020లో ఇటలీలోని బ్రెషియా నగరపు సర్జన్లు కరోనా రోగుల్లో ఇలాంటి ఇరవై కేసులు ప్రకటించారు. పదిహేడు మందికి శస్త్రచికిత్స జరిగితే నెత్తురు మళ్ళీ సరిగా పారింది పన్నెండుగురికే.

బావకు ముందుగా హెపారిన్ ఇచ్చారు. ఈ మందు కథ చిత్రమైనది. 1916లో అమెరికాలోని బాల్టిమోరులో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి నెత్తురును గడ్డకట్టించే పదార్థం కోసం వెదుకుతూ, కట్టనివ్వనిదాన్ని కనుక్కున్నాడు! కుక్క కాలేయంలో దొరికిన ఆ మందును ఇప్పుడు పంది పేగుల నుంచి తీస్తున్నారు. హెపారిన్‌కు పేరుపొందిన గ్లాండ్ ఫార్మా మా జిల్లాలోనే, దుండిగల్‌లో వున్నది. అయితే అది కట్టిన గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. అలాగని అందరికీ పోసెయ్యకూడదు. ఆసుపత్రిలో చేరినా మరీ విషమించని కరోనా రోగులకు పూర్తి మోతాదు మేలు చేసిందనీ, ఐ.సి.యు.లో విషమస్థితిలో వున్నవారికి మేలు చేయలేదనీ 2021లోనే పరీక్షల్లో తేలింది. రక్తస్రావం భయం వుండనే వున్నది.

కట్టిన గడ్డను తీయడానికి తొడ మొదట్లో చిన్న గాటు పెట్టి, కొసన బుడగ వున్న సన్నని గొట్టం ధమనిలోకి పంపారు. గడ్డను దాటాక బుడగ ఉబ్బించి వెనక్కి లాగితే గడ్డ దానితో వస్తుంది. 1960ల్లో దీన్ని కనిపెట్టిన థామస్ ఫోగర్టీ మొదటి బుడగను సర్జన్ల చేతితొడుగు వేలు కత్తిరించి చేశాడట.

బావ కాలు నిలిచింది. రెండు వేళ్ళు నల్లబడితే మూడోవారంలో తీసేశారు. మడమ మీద పుండు మానడానికి మాత్రం ఇంకా ఎక్కువకాలం పట్టింది. అది జబ్బు చేసిన పుండు కాదు. స్పర్శ లేని కాలికి నేను ఆనించిన వేడినీళ్ళ సీసా బొబ్బ. బావ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అక్కయ్య మాత్రం ఆ సీసాను మళ్ళీ ఇంట్లో వుంచలేదు.