హారన్ చెప్పే మనస్తత్వం

కారు నడిపే మనిషికి పక్క బండివాడితో మాట్లాడే వీలుండదు. దారి అడగాలన్నా, హెచ్చరించాలన్నా, తిట్టాలన్నా చేతిలో ఉన్నది ఒక్క హారనే. మోగించినవాడి ఉద్దేశం ఏదైనా, విన్నవాడికి అది చాలాసార్లు తిట్టులాగే వినిపిస్తుంది. డ్రైవర్ల మనస్తత్వాన్ని పరిశీలించిన కొందరు అందుకే హారన్‌నే కొలబద్దగా పెట్టుకున్నారు.

1968లో ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ ప్రచురించిన ప్రయోగం ఇలాంటి పరిశీలనల్లో పేరుపొందింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, మెన్లో పార్క్ ఊళ్లలో పచ్చలైటు పడ్డాక కూడా ఒక కారును సిగ్నల్ దగ్గర కదలకుండా ఉంచేవారు. కొన్నిసార్లు అది నిగనిగలాడే క్రిస్లర్, కొన్నిసార్లు వెలిసిపోయిన పాతబండి. 12 సెకన్లు చూసేవారు. ఆ వ్యవధిలో పాతబండి వెనకున్నవాళ్లలో 84 శాతం మంది హారన్ కొట్టారు. క్రిస్లర్ వెనక సగం మంది అసలు మోగించనేలేదు. పాతబండి విషయంలో ఇద్దరైతే హారన్ జోలికి పోకుండా నేరుగా వెనక బంపర్‌నే గుద్దారు! ‘మీరైతే ఏం చేస్తారు?’ అని విద్యార్థులను కాగితం మీద అడిగితే, మగపిల్లలు ఖరీదైన కారుకే ముందు కొడతామని రాశారు. కాగితం మీద ఉన్న రోషం రోడ్డు మీద కనపడలేదన్నమాట.

ఎదుటివాడి హోదాతో పాటు, తన ముఖం నలుగురికీ కనపడుతోందా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. పైకప్పు తీయగలిగే కార్ల మీద అమెరికాలో జరిపిన పరిశీలన 1995లో వెలువడింది. కప్పు వేసుకున్నవాళ్లు, తీసినవాళ్ల కంటే త్వరగా, ఎక్కువసార్లు, ఎక్కువసేపు హారన్ మోగించారు. మన దేశంలో కారు అద్దాలకు నల్ల ఫిలింను సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది నేరాల భయంతోనే అయినా, ఈ కోణం నుంచి చూసినా అది మంచి పనే.

ముఖం కనపడనప్పుడు తీర్పు కూడా తొందరగా వస్తుంది. తాను సందులో దూరితే ఆలస్యమైందనో, ఆస్పత్రికి వెళ్లాలనో కారణం తెలుసు. పక్కవాడు దూరితే మాత్రం వాడి బుద్ధే అంత! ఎదుటివాడి పరిస్థితిని వదిలేసి గుణాన్ని తప్పుపట్టే ఈ ధోరణిని మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో మౌలికమైన పొరపాటుగా వర్ణించాడు. దీనికి తోడు తన నైపుణ్యం మీద అతినమ్మకం. 1981లో పరిశోధకుడు ఓలా స్వెన్సన్ అడిగితే అమెరికన్లలో 93 శాతం, స్వీడన్ వాళ్లలో 69 శాతం మంది బాగా నడిపే సగంలో తామున్నామన్నారు. సగంలో అంతమంది ఎలా పడతారు? తాను తప్పు చేయనని నమ్మేవాడికి హారన్ హక్కుగానే తోస్తుంది.

ఇలాంటివాళ్లకు నీతిబోధ పెద్దగా ఎక్కదు. ముంబయి పోలీసులు వేరే దారి ఎంచుకున్నారు. కొన్ని కూడళ్లలో చేసి, 2020 జనవరిలో బయటపెట్టిన ప్రయోగంలో హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటగానే ఎర్రలైటు లెక్క మళ్లీ మొదటికొచ్చేది. అంతవరకూ ఊరకే వచ్చిన హారన్‌కు అక్కడ ధర పడింది. ఆ ధర మోగించనివాడూ చెల్లించాల్సిందే.