మొసలి కన్నీరు

"ఓలమ్మ! మొసలి ఏడుస్తాదేటి?"

పేపరులో 'మొసలి కన్నీరు' అనే మాట చదివితే ఎవరికైనా ఈ అనుమానం వస్తుంది. ఇంగ్లీషులో కూడా ఇదే మాట ఉంది. 'క్రొకడైల్ టియర్స్' అంటారు. లోపల బాధ లేకపోయినా పైకి ఏడవడం అని దీని అర్థం.

మొసలి మనిషిని తింటూ ఏడుస్తుందని యూరప్‌లో వందల ఏళ్ల కిందట కథలు చెప్పుకునేవారు. ఆ కథల నుంచి ఈ మాట పుట్టింది.

మరి మొసలికి నిజంగా కన్నీరు వస్తుందా? వస్తుంది. ఆ నీరు కంటిని తడిగా ఉంచుతుంది. అమెరికాలో శాస్త్రజ్ఞులు మొసలి జాతి జంతువులు ఏడింటికి గట్టు మీద మేత వేసి చూశారు. తింటుంటే ఐదింటి కళ్లు చెమర్చాయి. ఈ సంగతి 2007లో ప్రకటించారు. తినేటప్పుడు అవి బుస కొడతాయి. ఆ గాలి ఒత్తిడికి కన్నీరు వస్తుందేమోనని వారి ఆలోచన. అంటే కన్నీరు నిజమే. దుఃఖమే లేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎంతోమంది కూలి పనికి వలస పోతారు. 2014 జూన్‌లో చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న మేడ కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వారిలో మన జిల్లాల వాళ్లు చాలామంది. ఇలాంటి కష్టం వస్తే ఊరంతా ఏడుస్తుంది. ఆ ఏడుపు నిజం.

కాని ఎక్కడైనా ఒకడు ఏడుస్తూ తెల్ల కాగితం కూడా తేవచ్చు. "నీ కష్టం చూడలేకపోతున్నానప్పా! ఈ డబ్బులు ఉంచు. ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అనవచ్చు. తర్వాత ఆ కాగితం మీద 'మొత్తం ముట్టింది' అని రాసుకుంటే? అదే మొసలి కన్నీరు.

పనిలో ప్రమాదం జరిగి కూలీ చనిపోతే నష్టపరిహారం ఆ కుటుంబం హక్కు. యజమాని ఆ సొమ్మును ప్రభుత్వ అధికారి దగ్గర జమ కట్టాలి. చట్టం అలా చెబుతోంది. ఇంటికొచ్చి ఎంతో కొంత చేతిలో పెడితే ఆ బాధ్యత తీరిపోదు.

ఇంకో సంగతి. కష్టంలో ఉన్న ఆడమనిషి ఏడిస్తే 'మొసలి కన్నీరు' అని ఎగతాళి చేసేవారు ఉన్నారు. అది తప్పు. ఆ ఏడుపు వల్ల ఆమెకు దక్కేది ఏముంది?

ఎవరు ఏడ్చినా కంటినే కాదు, నోటిని కూడా చూడాలి. అది ఏం తింటోంది?

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెడదాం. తెల్ల కాగితమైతే అసలే పెట్టవద్దు.