తాళంచెవి గుర్తు మిణుకుమంటోందా?

నరసరావుపేటలో బయల్దేరి మాచర్ల పోవాలి. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. దొంగ కోసం పెట్టిన ఇమ్మొబిలైజర్ యజమానినే ఆపిందేమో! షెడ్డుకు ఫోన్ చేసేలోపు ఈ విశేషాలు చూడండి.

● తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం దూర్చే చోట ఉన్న తీగచుట్ట నుంచి అందే శక్తితోనే మేలుకుని తన కోడ్ చెబుతుంది. అది ఇంజన్ కంప్యూటర్ దగ్గరున్న లెక్కతో కలవకపోతే ఇంజన్ నడవదు. అందుకే రిమోట్ బ్యాటరీ అయిపోయినా, తాళం తిప్పి స్టార్ట్ చేసే బండి మామూలుగానే కదులుతుంది.

● ఇంజన్ అందుకుని ఒకటి రెండు సెకన్లకే ఆగిపోయి, డాష్‌బోర్డు మీది తాళంచెవి గుర్తు మిణుకుమంటే అనుమానం ఇమ్మొబిలైజర్ మీదే. కొన్ని బండ్లలో సెల్ఫ్ కూడా తిరగదు. ‘టక్ టక్’మని చప్పుడు మాత్రమే వస్తుంటే ముందు బ్యాటరీ చూడాలి. బండి ఆపి తాళం వేశాక మిణుకుమనే ఎర్రదీపం మాత్రం లోపం కాదు, కాపలా గుర్తు.

● రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతల ఎండకు పగిలేది రోళ్లే కాదు, బ్యాటరీ ఆయుష్షు కూడా. వేడి 10 డిగ్రీలు పెరిగితే అది దాదాపు సగమవుతుందని ఒక లెక్క. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే కంప్యూటర్ కోడ్ చదవలేక దొంగదీపం వెలిగించవచ్చు. టెర్మినళ్ల మీద చిలుము తుడిచి, బిగించి చూస్తే కొన్నిసార్లు అక్కడితో సరి.

● ఒకే రింగులో రెండు కార్ల తాళాలు వేశారా? ఒక చిప్ మాటకు రెండోది అడ్డురావచ్చు. విడదీసి మళ్లీ తిప్పండి. అదే కారు రెండో తాళంచెవితో స్టార్ట్ అయితే తప్పు బండిది కాదు, మొదటి తాళానిది.

● మీట నొక్కి స్టార్ట్ చేసే కార్లలో రిమోట్ బ్యాటరీ అయిపోతే చాలా మోడళ్లలో రిమోట్‌ను ఆ మీటకే ఆనించి నొక్కితే చాలు. బలమైన రేడియో తరంగాలుండే చోట, అంటే విద్యుత్ కేంద్రాలు, ప్రసార టవర్ల దగ్గర, రిమోట్ సరిగా పనిచేయకపోవచ్చని కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రం పక్కన కారు మొరాయిస్తే ముందు ఈ చిట్కా ప్రయత్నించండి.

● ‘నలుగురూ ఒక చెయ్యి వేయండి’ అని తోయించినా ఇమ్మొబిలైజర్ ఒప్పుకోదు. చక్రాలు తిరిగి ఇంజన్ కదిలినా, కోడ్ కలవందే కంప్యూటర్ పెట్రోలు వదలదు. ఆ పద్ధతి బ్యాటరీ బలహీనమైన గేర్ బండ్లకే.

● పాతకాలపు డీజిల్ ట్రాక్టర్‌కు స్పార్క్ అవసరమే లేదు. ఒక్కసారి అందుకుంటే ఇంధనం ఆపేదాకా నడుస్తుంది. పెట్రోలు బండికి మాత్రం స్పార్క్ కావాలి. అందుకే అంబాసిడర్ రోజుల్లో కొందరు ఆ స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ తీసి జేబులో వేసుకునేవారు. చేత్తో చేసే ఇమ్మొబిలైజర్ అదే.

● ఆలోచన పాతదే. అమెరికాలో 1919లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. డ్రైవరు ముందున్న తొమ్మిది స్విచ్‌లు సరైన వరుసలో లేకపోతే ఇంజన్ స్టార్ట్ కాకపోగా హారన్ మోగేది. 1986 కార్వెట్ కారు తాళంచెవిలో నిరోధకపు పూస పెట్టారు. జర్మనీ, బ్రిటన్‌లు 1998లో కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశాయి.

● కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల రద్దీలో తాళంచెవి పోయిందనుకోండి. రోడ్డు పక్క కొట్టులో కోయించిన డూప్లికేటు తలుపు తెరుస్తుంది, ఇంజన్‌ను కాదు. చిప్‌కు కోడ్ ఎక్కించాలి. పనిలో పనిగా, పోయిన తాళం కోడ్‌ను కంప్యూటర్ నుంచి చెరిపించండి, దొరికినవాడు దానితో ఇంజన్ నడపలేడు. కారు దొంగతనం క్లెయిమ్‌లో బీమా కంపెనీ సాధారణంగా రెండు అసలు తాళాలూ అడుగుతుంది కాబట్టి, పోయిన తాళంపై పోలీసులకు ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోండి.